ఓటీటీ యాప్‌లో ఆట, ఆటలో ప్రకటన: అష్టాచమ్మా ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా

వీడియో యాప్‌లో ఆటలు పెట్టినవాళ్ళు ఇప్పటికి మూడు దారులు తొక్కారు. నెట్‌ఫ్లిక్స్ 2021 నవంబరులో 5 మొబైల్ ఆటలతో మొదలుపెట్టింది. వాటిలో ప్రకటనలు లేవు, లోపల కొనాల్సినవీ లేవు. ఆట చందాకి కొసరు, అంతే. మన దేశంలో ఎంఎక్స్ ప్లేయర్ 2020లోనే ఉచిత ప్రేక్షకుల కోసం చిన్న చిన్న ఆటలు చేర్చి ప్రకటనల మీద నడిపింది. యూట్యూబ్ 'ప్లేయబుల్స్' పేరుతో 2023లో ప్రయోగించి, 2024 మేలో 75కి పైగా ఆటలను అందరి ముందూ పెట్టింది. అవి డౌన్‌లోడ్ అక్కర్లేని హెచ్‌టీఎంఎల్5 ఆటలు. చిన్న ఓటీటీకి, ఇద్దరు ముగ్గురున్న గేమ్ స్టూడియోకి అందుబాటులో ఉండేది ఎంఎక్స్ ప్లేయర్ లెక్క, యూట్యూబ్ పనిముట్టు: హెచ్‌టీఎంఎల్5 ఆట, యాప్ లోపలే, ఉచిత ప్రేక్షకుడికి మాత్రమే ప్రకటన.

ఉదాహరణకి అష్టాచమ్మా తీసుకుందాం. 5×5 గళ్ళు, 4 గవ్వలు, కంప్యూటర్‌తోనో మరొకరితోనో ఆట. నియమాలు నేర్పక్కర్లేదు, బొమ్మల బరువు తక్కువ, ఆట మధ్యలో ఎప్పుడు లేచినా స్థితిని 1 కేబీలోపు దాచుకోవచ్చు. ఈ మూడూ ఎంత పనికొస్తాయో ముందుకెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

ముందు తేల్చాల్సింది: ప్రకటన ఎవరికి?

కోడ్ రాయకముందే ప్రేక్షకుల్ని నాలుగు రకాలుగా విడదీయండి: ఉచితంగా చూసేవారు, ప్రకటనలతో కూడిన తక్కువ చందావారు, ప్రకటనలు లేని చందావారు, పిల్లల ప్రొఫైల్. మూడో రకానికి ఆటలో ఒక్క ప్రకటన కనబడినా అది మోసమే. 'వీడియోలోనే కదా వద్దన్నారు' అన్న వాదన చందా కట్టినవాళ్ళ దగ్గర నిలవదు. వాళ్ళకి ప్రకటన చూస్తే వచ్చే బహుమతుల్ని కూడా ఊరికే ఇచ్చేయండి. లేకపోతే డబ్బు కట్టినవాడికే ఆటలో తక్కువ దొరుకుతుంది.

ఈ సమాచారం ఆటకి ఎలా చేరుతుందన్న దగ్గర చాలామంది జారతారు. ఆట లింకు చివర 'యాడ్స్=0' అని తగిలిస్తే ఆ సున్నా ఎవరైనా పెట్టుకోగలరు. యాప్ సర్వరు సంతకం చేసి, కొద్ది నిమిషాల్లో గడువు తీరే టోకెన్ (ఆడేవాడు ఏ రకం ప్రేక్షకుడో చెప్పే చీటీ) ఇవ్వాలి. ఆట తెరుచుకున్నప్పుడూ, బహుమతి ఇచ్చే ముందూ ఆ టోకెన్‌ని సర్వరుతో సరిచూసుకోవాలి. ఆడుతుండగా చందా కడితే కొత్త టోకెన్ వెంటనే రావాలి. డబ్బు కట్టిన నిమిషానికే ప్రకటన వచ్చిందన్న ఫిర్యాదుకి మూలం దాదాపు ఎప్పుడూ పాత టోకెనే.

పిల్లల ప్రొఫైల్ విషయంలో తేలిక మార్గం ప్రకటనలు పూర్తిగా తీసేయడం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి నడవడికను వెంటాడి దాన్నిబట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. అమెరికాలోని తెలుగు ఇళ్ళకీ మీ యాప్ చేరుతుంటే అక్కడి పిల్లల ఆన్‌లైన్ గోప్యతా చట్టం (కోపా) 13 ఏళ్ళలోపు వారికి వర్తిస్తుంది. రెండింటికీ వేర్వేరు నియమాలు రాసుకునే కంటే పిల్లల ప్రొఫైల్లో యాడ్ ఎస్‌డీకేని (ప్రకటనలు తెచ్చి చూపే కోడ్ మూటని) మొదలే పెట్టకపోవడం చవక.

ఆటని యాప్‌లో కూర్చోబెట్టడం

ఆట బరువుకి ఒక కొలత కావాలంటే యూట్యూబ్ ప్లేయబుల్స్ నియమం చూడండి: మొదట దిగే భాగం 30 ఎంబీ దాటకూడదు, 15 లోపు ఉంటే మంచిది. అష్టాచమ్మాకి 5 ఎంబీ చాలు. అంతకు మించితే బొమ్మల్ని పీఎన్‌జీలో వదిలేశారనో, నేపథ్య సంగీతాన్ని కుదించకుండా పెట్టారనో అర్థం.

ఆండ్రాయిడ్‌లో ఆట వెబ్‌వ్యూలో, అంటే యాప్ లోపలి చిన్న బ్రౌజర్‌లో నడుస్తుంది. ఇక్కడ పట్టుకోవాల్సిన జబ్బులు నాలుగు.

మొదటిది, నిలపడం. ప్రకటన తెర మీదికి వచ్చినప్పుడు ఆటని ఆపాలని వెబ్‌వ్యూ 'పాజ్‌టైమర్స్' పిలుస్తారు. అది ఆ ఒక్క వెబ్‌వ్యూని కాక యాప్‌లోని అన్ని వెబ్‌వ్యూల టైమర్లనూ ఆపేస్తుంది. చాలా ప్రకటనలు తామే ఒక వెబ్‌వ్యూలో నడుస్తాయి కాబట్టి ప్రకటన గడ్డకట్టుకుపోతుంది, మూసే గుర్తు రాదు, మనిషి యాప్‌నే మూసేస్తాడు. దాని బదులు యాప్ నుంచి ఆటకి 'ఆగు', 'సాగు' అని రెండు సందేశాలు పంపండి. ఆట తన గడియారాన్నీ శబ్దాన్నీ తానే ఆపుకోవాలి. బొమ్మలు కదలడం ఆగినా వెబ్ ఆడియో దానంతటది ఆగదు. ప్రకటన వెనక నుంచి గవ్వల చప్పుడు వినిపిస్తుందంటే కారణం ఇదే.

రెండోది, మెమరీ చాలకపోవడం. 3 జీబీ ర్యామ్ ఫోన్లో వీడియో ప్రకటన నడుస్తుంటే, వెనకనున్న ఆట రెండరర్‌ని (వెబ్‌వ్యూలో ఆటని నడిపి గీసే ప్రాసెస్‌ని) ఆండ్రాయిడ్ చంపేయవచ్చు. అది పోయిందని చెప్పే 'ఆన్‌రెండర్‌ప్రాసెస్‌గాన్' పిలుపుని మీరు పట్టుకోకపోతే ఆటతోబాటు మొత్తం వీడియో యాప్ కూలిపోతుంది. పట్టుకుని, చచ్చిన వెబ్‌వ్యూని తీసేసి, కొత్తది తెరిచి, ఆటని ఉన్నచోటి నుంచి ఎత్తుకోండి. అందుకే ప్రతి ప్రకటనకి ముందు ఆట స్థితిని దాచాలి: ఏ కాయ ఏ గడిలో ఉంది, ఎవరి వంతు, గవ్వలు వేస్తే పడిన పందెం ఎంత. మూడు కాయలు పండించుకున్నవాడికి ప్రకటన చూసి వచ్చేసరికి పలక ఖాళీగా కనబడితే మళ్ళీ ఆ ఆట ముఖం చూడడు.

మూడోది, ధ్వని. వీడియోని చిన్న కిటికీలో వదిలి ఆటలోకి వచ్చినవాడికి రెండు శబ్దాలు కలిసి వినిపిస్తాయి. ఆట తెరిచేటప్పుడు చిన్న కిటికీని మూసేయండి, లేదా ఆటని మౌనంగా మొదలుపెట్టండి. ఏదో ఒకటి ఎంచుకుని యాప్ అంతటా అదే పాటించండి.

నాలుగోది తెలుగు అక్షరం. అక్షరాలు బొమ్మలుగా ఉండే బిట్‌మ్యాప్ ఫాంట్లలో 'అష్టా' అన్న మాట విడిపోతుంది, ఒత్తు పక్కకి జారుతుంది. ఆటలు తయారుచేసే యూనిటీలో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్ ప్రో కూడా తెలుగు ఒత్తుల్ని తనంతట తాను కూర్చలేదు. అలాంటి పనిముట్టే అయిన గోడో 4కి ఆ ఇబ్బంది లేదు. బ్రౌజర్ కాన్వాస్ మీద మామూలుగా రాసే అక్షరాలూ సరిగానే వస్తాయి. అయితే ఒక్కో అక్షరం టైపు అవుతున్నట్టు చూపాలని మాటని ముక్కలు చేస్తే మళ్ళీ పొల్లులు బయటపడతాయి. మాటల్ని మాటలుగానే చూపండి. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి స్వేచ్ఛా లైసెన్సులో దొరుకుతాయి. బటన్ ఎత్తు ఇంగ్లిషు అక్షరాల్ని చూసి పెడితే కింది ఒత్తులు తెగుతాయి కాబట్టి వరుస ఎత్తు ఫాంటు సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. ప్రకటన గురించిన గైడ్‌లో ఇదెందుకంటారా? 'ప్రకటన చూడండి' అన్న బటన్ మీద ర ఒత్తు తెగిపోతే అదేదో పనికిరాని లింకులా కనబడుతుంది, ఎవరూ నొక్కరు.

ప్రకటన చోటు

ఆటగాడు తనంతట తాను ఆగే చోటే ప్రకటన చోటు. అడగకుండా వచ్చే ప్రకటనకి అష్టాచమ్మాలో అది ఒక్కటే: పలక (ఒక పూర్తి ఆట) ముగిసి, ఎవరు గెలిచారో కనబడిన తర్వాత. పందేనికీ పందేనికీ మధ్య వద్దు. అష్టా (ఎనిమిది) పడిందని ఇంకో పందెం వేయబోతున్నవాడికి ప్రకటన వస్తే వేలు దాని మీదే పడుతుంది. ఆ పొరపాటు నొక్కులకి, ప్రకటనలు సరఫరా చేసే యాడ్ నెట్‌వర్కులు డబ్బు కోసేయడమే గాక ఖాతానే ఆపగలవు. కాయ పండిన క్షణం కూడా మంచి చోటులాగే కనిపిస్తుంది, ఉత్సాహంగా ఉంటాడు కదా అని. ఆ ఉత్సాహం మీద నీళ్ళు చల్లకండి.

గూగుల్ ప్లే నియమం కూడా ఇటే మొగ్గుతుంది. ఒక స్థాయి మొదలయ్యేటప్పుడు హఠాత్తుగా వచ్చే నిండు తెర ప్రకటన కుదరదు. 15 సెకన్ల తర్వాత కూడా మూయలేని ప్రకటనా కుదరదు. ఆటగాడు కోరి చూసేదానికీ, స్కోరు కనిపించాక వచ్చేదానికీ ఆ 15 సెకన్ల లెక్క వర్తించదు.

కోరి చూసే ప్రకటనతోనే మొదలుపెట్టండి, అడగకుండా వచ్చేదాన్ని నెల తర్వాత చేర్చండి. బహుమతిగా ఏమివ్వాలన్నది ఆటని బట్టి. కంప్యూటర్‌తో ఆడేటప్పుడు 'ఒక ఎత్తు వెనక్కి', పలకకి ఒకసారి. మరొకరితో ఆడేటప్పుడు రంగు గవ్వలు, కొత్త పలక బొమ్మ వంటివి మాత్రమే. ప్రకటన చూసినవాడికి అదనపు పందెం ఇస్తే అవతలివాడు ఓడిపోయింది ప్రకటన చేతిలో. ఆ ఆటకి మళ్ళీ రాడు.

గవ్వల పాళ్ళనీ కదపకండి. ఒక్కో గవ్వ వెల్లకిలా పడే అవకాశం సగం అనుకుంటే అష్టా పడే అవకాశం 16లో 1, చమ్మా (నాలుగు) కూడా 16లో 1, రెండు పడేది 16లో 6. ప్రకటన వద్దన్నవాడికి అష్టాలు తగ్గించే తెలివి కొందరికి తడుతుంది. ఈ ఆట ఇళ్ళలో ఆడి పెరిగినవాళ్ళు పది పలకల్లో పసిగడతారు.

ఎన్నిసార్లు చూపాలి? మొదటిసారి ఆడేవాడికి అడగని ప్రకటన వద్దు. తర్వాత రెండు ప్రకటనల మధ్య కనీసం 3 నిమిషాలు, ఒక కూర్చోవడంలో 4కి మించకుండా మొదలుపెట్టి, అంకెలు చూసి మార్చుకోండి. ఓటీటీలో మాత్రమే ఉండే చిక్కు ఇంకొకటుంది. సినిమా ముందు రెండు ప్రకటనలు చూసి, అది నచ్చక ఆటలోకి వచ్చినవాడికి మరో ప్రకటన ఎదురైతే అతని లెక్కలో అవి మూడు. వీడియో ప్రకటనలనీ ఆట ప్రకటనలనీ ఒకే లెక్కలో వేసే కౌంటరు యాప్ సర్వరులో ఉండాలి. రెండు జట్లు రెండు కౌంటర్లు పెట్టుకున్న చోటే ఈ గొడవంతా.

ఎస్‌డీకే తగిలించడం

యాప్ లోపలి ఆటకి యాప్‌లోని నేటివ్ యాడ్ ఎస్‌డీకేనే వాడండి. ఆట ఒక సందేశం పంపుతుంది, యాప్ ప్రకటన చూపుతుంది, ఫలితాన్ని తిరిగి చెబుతుంది. గూగుల్‌లో వెబ్ ఆటల కోసం వేరే పద్ధతి ఉంది: 'యాడ్‌బ్రేక్' అని పిలిచి, అది ఏ రకం విరామమో చెప్పడం. అదే ఆటని మీ వెబ్‌సైట్లో కూడా పెడితే అక్కడ అది సరైనది. యాప్ వెబ్‌వ్యూలో దాన్నే నడపాలనుకుంటే ఆ వెబ్‌వ్యూని యాడ్ ఎస్‌డీకే దగ్గర నమోదు చేయాలి. చేయకపోతే యాప్ వివరాలు ప్రకటనదారుకి చేరవు, రేటు పడిపోతుంది.

క్రమం ఇలా:

1. ఆట తెరుచుకోగానే కోరి చూసే ప్రకటన ఒకటి ముందుగా తెచ్చిపెట్టుకోండి. గూగుల్ యాడ్ నెట్‌వర్కు యాడ్‌మాబ్‌లో అలా తెచ్చినది గంటకి పాతబడుతుంది. తెచ్చిన వేళ గుర్తుంచుకుని, గంట దాటితే కొత్తది తెండి.
2. ప్రకటన చేతిలో ఉంటేనే బటన్ చూపండి. నొక్కాక 'ప్రకటన లేదు' అని చెప్పడం కంటే బటన్ లేకపోవడమే మేలు.
3. తేవడం విఫలమైతే వెంటనే మళ్ళీ అడగకండి. 10 సెకన్లు, తర్వాత 20, తర్వాత 40, అలా ఎడం పెంచండి. ఆపకుండా అడిగే కోడ్ బ్యాటరీ తాగుతుంది, నెట్‌వర్కు దృష్టిలో మీ యాప్ విలువా తగ్గుతుంది.
4. ఆట స్థితి దాచండి, 'ఆగు' సందేశం పంపండి, అప్పుడు ప్రకటన చూపండి.
5. బహుమతిని 'సంపాదించాడు' అన్న పిలుపు మీదే ఇవ్వండి, 'మూసేశాడు' అన్న పిలుపు మీద కాదు. మూసేయడం మధ్యలోనూ జరుగుతుంది. ఈ రెండు పిలుపులూ ఏ వరుసలో వస్తాయో నమ్ముకోకండి.
6. బహుమతికి విలువ ఉంటే సర్వరు వైపు ధ్రువీకరణ పెట్టండి. యాడ్ నెట్‌వర్కు నేరుగా మీ సర్వరుకి సంతకంతో కబురు పంపుతుంది. ఒకే లావాదేవీ సంఖ్య రెండుసార్లు వస్తే రెండోది వదిలేయండి.
7. మీ సైట్లో యాప్-యాడ్స్ ఫైలు (మీ యాప్‌లో ప్రకటన చోటు అమ్మే హక్కు ఎవరికుందో చెప్పే జాబితా) పెట్టండి. స్టోర్‌లో డెవలపర్ వెబ్‌సైట్‌గా ఇచ్చిన చిరునామాలోనే అది ఉండాలి. కొత్త నెట్‌వర్కు చేర్చిన ప్రతిసారీ వాళ్ళిచ్చిన వరుసలు అందులో కలపాలి. ఇది మరిచిపోయి 'ప్రకటనలే రావడం లేదు' అని వారం రోజులు కోడ్ వెతికేవాళ్ళు చాలామంది.

ఇప్పటికే వీడియోలకి ప్రకటనలు అమ్ముతున్న యాప్‌కి ఒక దురాశ పుడుతుంది: ఆట మధ్య వచ్చే వీడియో ప్రకటనని కూడా సినిమా మధ్యలో వచ్చేదే అని చెప్పి ఆ రేటుకే అమ్మడం. చేయకండి. బేరం వేలంలో ప్రతి చోటుకీ ఒక గుర్తు ఉంటుంది. ఆ వేలాలకి అందరూ వాడే ప్రమాణమైన ఓపెన్ఆర్‌టీబీ లెక్కలో వీడియో లోపలిది 1, నిండు తెర విరామ ప్రకటన 3, కోరి చూసేదానికి వేరే జెండా. తప్పు గుర్తు పంపితే కొలిచే సంస్థలు పట్టుకుంటాయి, అప్పుడు సినిమాల ప్రకటనల రేటు కూడా పోతుంది. ఆటకి వేరే యాడ్ యూనిట్లు, వేరే నివేదిక.

ఏ ప్రకటనలు రాకూడదు

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలనీ, వాటి ప్రకటనలనీ నిషేధించింది. అలాంటి ఆట నడిపితే 3 ఏళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన వేస్తే 2 ఏళ్ళు, 50 లక్షల దాకా. మన రెండు రాష్ట్రాలకి ఇది కొత్త కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలని అప్పుడే ఆపాయి. కాబట్టి యాడ్ నెట్‌వర్కు నియంత్రణ పేజీలో జూదం, బెట్టింగు వర్గాలని మూసేయడంతో ఆగకండి. అవి వార్తల సైటు పేరుతోనో, ఇంకేదో ముసుగులోనో వస్తాయి. వారానికోసారి ప్రకటనల సమీక్ష పేజీ తెరిచి, అనుమానమున్న ప్రకటనదారు చిరునామాని పేరుతో ఆపేయండి.

మీ ఆట వైపు కూడా ఒక గీత ఉంది. ప్రకటన చూస్తే వచ్చే నాణేలని డబ్బుగా, రీచార్జిగా, గిఫ్టు కార్డుగా మార్చుకునే వీలు పెట్టకండి. నాణేలు కొనుక్కుని పందెం కాసే వీలు అసలే వద్దు. గవ్వల ఆట అసలే అదృష్టం మీద నడిచేది. తెలిసిన లాయరు చేత నియమాల పేజీ ఒకసారి చదివించండి.

పరీక్ష

టెస్ట్ యాడ్ యూనిట్లతోనే పరీక్షించండి. మీ ఫోన్లో మీ సొంత నిజమైన ప్రకటనని నొక్కితే అది చెల్లని నొక్కు. జట్టులో పదిమంది అలా చేస్తే ఖాతాకి ముప్పు. 3 జీబీ ర్యామ్ ఫోన్ ఒకటి తప్పనిసరిగా దగ్గర ఉంచుకుని ఇవి చేసి చూడండి: ప్రకటన మధ్యలో ఫోన్ మోగడం, ప్రకటన నొక్కి ప్లే స్టోర్‌కి వెళ్ళి తిరిగి రావడం, ప్రకటన మధ్యలో నెట్ పోవడం, తెర ఆపి 2 నిమిషాలకి తెరవడం, అడ్డంగా ఉన్న ఆటలో నిలువు ప్రకటన వచ్చి పోయాక పలక కొలతలు సరిగ్గా ఉన్నాయా అని చూడటం. చివరిది అందరూ వదిలేస్తారు. తెర తిరిగాక కాన్వాస్ పాత కొలతలతోనే ఉండిపోతే వేలు ఒక గడి మీద, ఎత్తు పక్క గడిలో.

లెక్క

కింది అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవే. రోజుకి 20,000 మంది ఆడుతున్నారు. అందులో 30 శాతం మంది తలా 2 ప్రకటనలు కోరి చూస్తే 12,000. వెయ్యి చూపులకి 80 రూపాయలు వస్తే 960. అడగకుండా వచ్చేవి తలకి ఒకటిన్నర చొప్పున 30,000, వెయ్యికి 40 అయితే 1,200. మొత్తం 2,160, అంటే ఆటగాడికి రోజుకి సుమారు 11 పైసలు, నెలకి 64,800. నెల చందా 149 అనుకుంటే ఇది 435 చందాలతో సమానం.

ఈ 435ని గోడ మీద రాసి పెట్టుకోండి. ఆటలో ప్రకటనలు పెట్టాక ఉచితం నుంచి చందాకి మారేవాళ్ళు నెలకి 435 మంది తగ్గితే మీరు సంపాదించింది సున్నా. అడగని ప్రకటనలు తీసేస్తే వచ్చేది 28,800, అంటే 193 చందాలు. ఏది లాభమో ఊహించనక్కర్లేదు. ఆటగాళ్ళలో పదో వంతుకి ప్రకటనలే లేకుండా 6 వారాలు ఉంచి, రెండు గుంపులనీ మూడు అంకెల్లో పోల్చండి: చందాకి మారినవారు, వారంలో వీడియో చూసిన నిమిషాలు, ఆటకి తిరిగొచ్చినవారు. ప్రకటన ఆదాయం ఒక్కటే చూసే డాష్‌బోర్డు ఎప్పుడూ 'ఇంకా పెట్టు' అనే చెబుతుంది.

ఆట మీది కాక బయటి స్టూడియోదైతే, వాటా శాతం కన్నా ముందు అది దేని మీద శాతమో ఒప్పందంలో రాయించండి. నెట్‌వర్కు తన వాటా తీసుకున్న తర్వాతా, ముందా? చెల్లని నొక్కులకి నెట్‌వర్కు తర్వాతి నెలలో కోసుకునే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? నెల ముగియగానే అంచనా అంకెల మీద చెల్లించేస్తే ఆ కోత మొత్తం ఓటీటీ మీద పడుతుంది. నెట్‌వర్కు లెక్క ఖరారయ్యాకే చెల్లించేలా, ఈలోగా స్టూడియోకి రోజువారీ నివేదిక చూసే వీలుండేలా రాసుకుంటే ఇద్దరికీ పేచీ ఉండదు.